‘జనం చదవరు’ అనేది సాకు

హైటెక్ సిటీలో యాప్‌లు తయారయ్యే ఆఫీసుల్లో ఒక మాట వేదవాక్కులా చెలామణీ అవుతోంది: యూజర్లు చదవరు. దాని వెనకే ఇంకో రెండు మాటలు వస్తాయి. లాగిన్ అన్నా సైన్ ఇన్ అన్నా, యూజర్ ఐడీ అన్నా రిజిస్ట్రేషన్ నంబరు అన్నా ఒకటే, నాలుగుసార్లు వాడితే వాళ్లకే అలవాటవుతుంది అనేది ఒకటి. ఎలాగూ అన్నీ ఇంగ్లిషు మాటలే, జనం నోళ్లలో ఎప్పుడో నానిపోయాయి, కొత్తగా ఆలోచించేదేముంది అనేది మరొకటి. డిజైన్ అయ్యాక, కోడ్ అయ్యాక, రిలీజు రెండు రోజులుందనగా ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్లచేత స్క్రీన్ మీద మాటలు రాయించే అలవాటు ఈ నమ్మకాల్లోంచి పుట్టిందే.

మిగతా స్క్రీన్ల సంగతి ఎలా ఉన్నా, అకౌంటు స్క్రీన్ల విషయంలో ఈ మూడు మాటలూ తప్పే. సినిమా టికెట్ కొనేటప్పుడు సీట్ల వరసలు కళ్లకు కనిపిస్తాయి. కెమెరా బొమ్మ నొక్కితే ఫొటో పడుతుందని చంటిపిల్లలకూ తెలుసు. అకౌంటుకు అలాంటి రూపమేదీ లేదు. అది ఎక్కడో సర్వర్లో ఉంటుంది, మనిషికి కనిపించేది దాని పేరొక్కటే. గుండ్రటి గీతలో తలకాయ బొమ్మ వేసి ఇదే నీ అకౌంటు అంటే, అందులో ఉన్నది నా పేరా, నా ఫోన్ నంబరా, నా డబ్బా, నిరుడు కొన్న టికెట్లా? ఆ తలకాయ చెప్పదు. మాటే చెప్పాలి.

చదవరు అనే అభియోగాన్ని ముందు చూద్దాం. అది నిజమో కాదో తేల్చుకోవాలంటే సికింద్రాబాద్ చిలకలగూడ చౌరస్తా చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్లోనైనా ఓ సాయంత్రం కూర్చుంటే చాలు. జిరాక్సు, పాన్ కార్డు, రైలు టికెట్, పీఎఫ్, అన్నీ ఒకే బల్ల మీద జరుగుతుంటాయి. అక్కడ విన్న సంభాషణ ఇది. నడివయసు ఆవిడ, మౌలాలి వైపు ఏదో కంపెనీలో పని.

“తమ్మీ, కంపెనీ మారినకాంచి నా పీఎఫ్ పైసలు కనబడ్తలేవు.”

“యూఏఎన్ నంబర్ చెప్పక్కా. అకౌంట్ నంబరు.”

ఆవిడ సంచిలోంచి బ్యాంకు పాస్‌బుక్కు తీసింది.

“గది బ్యాంకుది. పీఎఫ్‌ది కావాలె.”

ఈసారి పాత జీతం స్లిప్పు. దాని మీద ఏపీ, హెచ్‌వైడీ అని మొదలయ్యే పొడుగాటి నంబరు.

“ఇది మెంబర్ ఐడీ అక్కా. యూఏఎన్ అంటే పన్నెండంకెలుంటది.”

పన్నెండంకెలు అనగానే ఆవిడ ఆధార్ కార్డు చేతిలో పెట్టింది.

ఇందులో ఆవిడ చదవనిదేమిటి, విననిదేమిటి? అకౌంట్ నంబరు అడిగితే అకౌంట్ నంబరు ఇచ్చింది. పీఎఫ్‌ది అడిగితే పీఎఫ్ అని రాసి ఉన్న నంబరే ఇచ్చింది. పన్నెండంకెలు అడిగితే పన్నెండంకెలు ఇచ్చింది. ప్రతిసారీ అడిగిన మాటకు సరిగ్గా సరిపోయే జవాబే. పేర్లు పెట్టినవాళ్లు మాత్రం అంత శ్రద్ధగా ఆలోచించలేదు. యూఏఎన్ అంటే యూనివర్సల్ అకౌంట్ నంబర్. 2014లో వచ్చింది. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ నంబరు మారిపోయే బాధ తప్పించి, మనిషికి జీవితాంతం ఒకటే నంబరు ఉండాలనేది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఆ నంబరు కింద నేరుగా డబ్బు ఉండదు. డబ్బు ఉండేది ఒక్కో కంపెనీకీ ఒక్కోటిగా వచ్చే మెంబర్ ఐడీల కింద. పాస్‌బుక్కు కూడా మెంబర్ ఐడీకొకటి. అంటే, పేరులో అకౌంట్ ఉన్నదానిలో అకౌంటు లేదు, అకౌంటు ఉన్నదాని పేరు ఐడీ. కంపెనీ మారాక పాత మెంబర్ ఐడీలోని డబ్బు కొత్తదానిలోకి బదిలీ చేయించుకోవాలి. అది జరగకపోతే కొత్త పాస్‌బుక్కులో పాత డబ్బు కనిపించదు. కనిపించకపోతే పోయిందనే అనుకుంటారు. ఆవిడా అదే అనుకుంది. ఇక కొత్త కంపెనీవాళ్లు పాత యూఏఎన్ సంగతి పట్టించుకోకుండా ఇంకోటి పుట్టిస్తే, యూనివర్సల్ అనేవి మనిషికి రెండు తయారవుతాయి.

ఇంకో ముచ్చట. పీఎఫ్ పాస్‌బుక్కు చూసుకునే వెబ్‌సైటు చాలాకాలం మెంబర్ పోర్టల్ నుంచి విడిగా ఉండేది. మెంబర్ పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చుకుంటే ఆ మార్పు పాస్‌బుక్కు సైటుకు చేరడానికి ఆరు గంటలు పడుతుందని దాని మీదే ఓ గమనిక పెట్టారు. అది చదివినవాళ్లు ఆరు గంటలు ఆగారు, చదవనివాళ్లు తమ పాస్‌వర్డే తప్పనుకుని మళ్లీ మార్చుకున్నారు, మళ్లీ ఆరు గంటలు. ఒకే పాస్‌వర్డుతో తెరుచుకునే రెండు సైట్లు ఒకటా రెండా అని సామాన్యుడికి ఎలా తెలియాలి? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇంత చేసి జనం చదవరనడం యాప్‌లు తయారుచేసే మన వృత్తివాళ్లకే చెల్లింది.

ఇక్కడ నా మిత్రులు లెక్కలు తీస్తారు. రెండు రకాల బటన్లు పెట్టి పరీక్షించాం, పేరు మార్చినా ఫలితంలో తేడా రాలేదు, లాగిన్లు తొంభై శాతం పైనే సక్రమంగా జరుగుతున్నాయి అంటారు. వాళ్ల వాదనలో గట్టి భాగం ఇదే కాబట్టి కాస్త ఆగి చూడాలి. ఆ లాగిన్ చేసిందెవరు? చిలకలగూడ ఆవిడ కాదు. నెట్ సెంటర్ తమ్ముడు. మూడింటినీ చూసి, ఏది ఏదో తను విడదీసి, సరైన నంబరు తను కొట్టాడు. కంపెనీ డ్యాష్‌బోర్డులో మాత్రం ఆవిడ ఒక సక్సెస్‌ఫుల్ లాగిన్. కొడుకు కొట్టిపెట్టిన లాగిన్, పక్కింటి పిల్ల కొట్టిపెట్టిన లాగిన్, బ్యాంకులో బల్ల అవతలివాళ్లు ఫోన్ తీసుకుని కొట్టిపెట్టిన లాగిన్, అన్నీ సక్సెస్‌లే. స్క్రీన్ మీది అయోమయానికి మూల్యం బయట ఇరవై రూపాయలో యాభై రూపాయలో చొప్పున చెల్లుతోంది, అందుకే అది ఏ లెక్కలోకీ ఎక్కడం లేదు. నొక్కారో లేదో కొలిచే పరీక్ష ఎవరికి అర్థమైందో కొలవదు. ఆ పరీక్ష పట్టుకొచ్చి మాటకు విలువ లేదని తేల్చడం అన్యాయం.

నెట్ సెంటర్ తమ్ముడి దగ్గర ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. వచ్చేవాళ్ల ఐడీలు, పాస్‌వర్డులు అందులో రాసిపెడతాడు. భద్రత దృష్ట్యా ఒళ్లు జలదరించే పని, ఎవరూ చేయకూడదు, చేయించుకోకూడదు. కానీ ఆ నోటుబుక్కులోని భాష చూడండి. ‘రైలుది’, ‘పీఎఫ్‌ది’, ‘బ్యాంకుది’ అని మొదటి గడి. ‘ఎప్పటికీ ఉండేది’, ‘మార్చుకునేది’, ‘ఫోన్‌కు వచ్చేది’ అని తర్వాతి గడులు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఓటీపీ అనే మూడింటి మధ్య తేడాను మా వృత్తిలో ఇంత పొదుపుగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. ఏది మారుతుంది, ఏది మారదు, ఏది ఎక్కడి నుంచి వస్తుంది, మనిషికి కావాల్సిందల్లా అదే.

పీఎఫ్ ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. సికింద్రాబాద్‌లో ఒక మామూలు ఇంటికి ఎన్ని నంబర్లున్నాయో చూడండి. కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరొకటి, యూఎస్‌సీ నంబరొకటి. ఫోన్లో కట్టబోతే కావాల్సింది రెండోది, ముసలివాళ్లకు కంఠతా వచ్చింది మొదటిది. నల్లా బిల్లుకు క్యాన్ నంబరు. ఇంటి పన్నుకు పీటీఐఎన్. ప్రతి యాప్‌లోనూ వీటి ముందు కనిపించే గడి పేరు కన్స్యూమర్ నంబరనో కస్టమర్ ఐడీ అనో అకౌంట్ నంబరనో ఆ పూట రాసినవాడి ఇష్టాన్ని బట్టి ఉంటుంది. బిల్లు మీద ఏ పేరుందో గడి మీద అదే పేరు ఉంచితే పోయేదేముంది?

రైలు టికెట్ల సంగతి ఈ ఊరికి దగ్గరిది. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం రైల్ నిలయం ఇక్కడే, రైల్వే కుటుంబాలు మెట్టుగూడ నుంచి లాలాగూడ దాకా ఇక్కడే. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ కొనాలంటే అకౌంటును ఆధార్‌తో ధ్రువీకరించుకోవాలన్నారు. దొంగ బుకింగులను అడ్డుకోవడానికి తీసుకున్న నిర్ణయం, దాంతో నాకు పేచీ లేదు. అయితే ఆ అకౌంటులో ఆధార్‌కు రెండు చోట్లున్నాయి. అకౌంటు ఎవరిదో వారి ఆధార్ ఒకటి. మాస్టర్ లిస్టు అనే పేరుతో దాచుకునే ప్రయాణికుల ఆధార్ ఇంకొకటి. భార్యాపిల్లల ఆధార్లన్నీ మాస్టర్ లిస్టులో ఎక్కించినవాడు నేను ఆధార్ ఇచ్చేశాను అనుకోవడం సహజం. అతనికి తత్కాల్ పూట కాదు పొమ్మంటే, అతను చదవలేదు కాబట్టి అలా జరిగిందనగలమా? ‘టికెట్ కొనేవారి ఆధార్’, ‘ప్రయాణం చేసేవారి ఆధార్’ అని రెండు గడులకు రెండు పేర్లుంటే ఆ తికమకే లేదు. అదే ఏడాది రెండున్నర కోట్లకు పైగా అనుమానాస్పద యూజర్ ఐడీలను ఆపేశామని రైల్వే శాఖ ప్రకటించింది. లాగిన్ గడి మాత్రం యూజర్ నేమ్ అడుగుతుంది. ప్రకటనలో ఐడీ, గడిలో నేమ్, మెనూలో అకౌంట్. ఇంజనీరుకు మూడూ ఒకటే, టీవీలో ఆ వార్త విన్న పెన్షనరుకు కాదు. నాదీ పోయిందా అని ఏ పేరు పెట్టి అడగాలాయన?

‘అలవాటవుతుంది’ అనే మాటకు జవాబు సాఫ్ట్‌వేర్ పెద్దల చరిత్రలోనే ఉంది. యాపిల్ ఐడీ అనే పేరు ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ప్రపంచమంతా వాడింది. అంత అలవాటైన పేరును 2024లో ఆ కంపెనీయే తీసేసి యాపిల్ అకౌంట్ అని మార్చుకుంది. మైక్రోసాఫ్ట్ కథ ఇంకా విచిత్రం. ఒకే ఈమెయిల్ చిరునామాతో ఒక మనిషికి ఆఫీసు అకౌంటొకటి, సొంత అకౌంటొకటి ఉండొచ్చు. లాగిన్ అవబోతే, నీది ఆఫీసుదా సొంతదా అని స్క్రీన్ అడుగుతుంది. చిరునామా ఒకటే, మనిషీ ఒకడే, ఏమని చెప్పాలి? ఏళ్ల తరబడి ఎవరికీ అలవాటు కాలేదు. చివరికి 2016లో, కంపెనీ ఈమెయిల్‌తో కొత్తగా సొంత అకౌంటు తెరవడాన్నే ఆపాల్సొచ్చింది. అక్కడివాళ్లకు ఇంగ్లిషు మాతృభాష, కంప్యూటరు పుట్టిల్లు. వాళ్లకే అలవాటు కాని గందరగోళం వారాసిగూడలో అలవాటవుతుందని ఏ ధైర్యంతో చెబుతున్నాం?

ఇక మూడో మాట, అన్నీ ఇంగ్లిషు మాటలే కదా అనేది. దీనికి నేను ‘సంకేతపదం’ వర్సెస్ ‘పాస్‌వర్డ్’ అనే పాత కుస్తీకి దిగుతానని చాలామంది ఎదురుచూస్తారు. దిగను. పాస్‌వర్డ్ అనే మాట మా వీధిలో పాలవాడికీ తెలుసు, ఉండనివ్వండి. తెలుగా ఇంగ్లిషా అనేది ఇక్కడ రెండో ప్రశ్న. ఒక వస్తువుకు ఒకటే పేరుందా, ఆ పేరు ఇంకో వస్తువుకు పెట్టకుండా ఉన్నారా అనేది మొదటిది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. యూజర్‌కు అక్కడ ‘వాడుకరి’ అంటారు. ఆ మాట నచ్చనివాళ్లున్నారు, నాకూ మొదట్లో పంటికింద రాయిలాగే తగిలింది. కానీ వాడుకరి పేజీ, వాడుకరి చర్చ, వాడుకరి పేరు, ఎక్కడికి పోయినా వాడుకరి వాడుకరే. పొద్దున యూజర్, మధ్యాహ్నం మెంబర్, రాత్రికి కస్టమర్ అయిపోడు. ఆ నిలకడ ఉంటే రాయి కూడా అరుగుతుంది. కోట్ల రూపాయల పెట్టుబడి ఉన్న యాప్‌లలో లేనిది, జీతం లేని వలంటీర్లు సాధించారు.

పిన్ సంగతే చూడండి, అది అచ్చ ఇంగ్లిషే. ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఎంపిన్, యాప్ తెరవడానికి పెట్టుకున్న పిన్, ఒక్క మనిషికి నాలుగు రకాలు. నాలుగింటికీ గడి ఒకేలా ఉంటుంది, చాలాసార్లు మాట కూడా ‘పిన్ ఎంటర్ చేయండి’ అంతే. ఒకటి తలుపు తీస్తుంది, ఒకటి డబ్బు పంపేస్తుంది. డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి అని మోసగాళ్లు నమ్మించగలిగింది ఈ సందులో దూరే. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని ఏళ్లపాటు ప్రకటనలు ఇచ్చారు. ఆఖరికి వ్యక్తుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టునే 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఎత్తేసింది. చూశారా, మాట మార్చడం వల్ల కాదు, ఫీచరు తీసేయడం వల్లే బాగుపడింది అని మిత్రులు అనొచ్చు. నిజమే, తీసేయగలిగిన ఫీచరుంటే తీసేయడమే మేలు. అకౌంటును తీసేయలేం కదా.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘మీ అకౌంట్’ అనే మాటలోని ‘మీ’. మోండా మార్కెట్ దగ్గర కిరాణా కొట్లో ఖాతా పుస్తకం గుర్తుచేసుకోండి. ఖాతా నాన్న పేరు మీద ఉంటుంది. సరుకు తెచ్చేది పిల్లాడు. నెలాఖరుకు డబ్బిచ్చేది ఒక్కోసారి అమ్మ. సేటుకు ఈ ముగ్గురూ వేర్వేరని తెలుసు, ఎవరికి ఏం ఇవ్వొచ్చో, ఎవర్ని ఏం అడగొచ్చో తెలుసు. సాఫ్ట్‌వేర్ ముగ్గుర్నీ కలిపి ‘మీరు’ అంటుంది. మన ఇళ్లలో నిజంగా జరిగేదేమిటి? అకౌంటు తల్లిది, దానికి కట్టిన మొబైల్ నంబరు కొడుకుది, ఫోన్ నొక్కేది మనవరాలు. ‘మీ మొబైల్‌కు ఓటీపీ పంపాం’ అంటే ఎవరి మొబైల్? కొడుకు దుబాయ్‌లో డ్యూటీలో ఉంటాడు, ఇక్కడ తల్లి తన చిన్న ఫోన్ చేతిలో పట్టుకుని మెసేజీ కోసం చూస్తుంటుంది. చివరి నాలుగంకెలు చూపించి, ‘ఈ అంకెలున్న ఫోన్‌కు పంపాం, ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో వారిని అడగండి’ అంటే ఒక వాక్యం ఎక్కువవుతుంది. ఆ ఒక్క వాక్యానికి చోటు లేదంటారు, అదే స్క్రీన్ కింద సగం చోటు లోన్ ప్రకటనకు ఇచ్చి.

ఆ కొడుకు సిమ్ వదిలేశాడనుకోండి. ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల దాకా కొత్తవారికి ఇవ్వకూడదని నియమం. తొంభై రోజుల తర్వాత ఆ నంబరు ఇంకెవరిదో. తల్లి అకౌంటు ఓటీపీలు ఆ ఇంకెవరికో. ఫోన్ నంబరే అకౌంటు అని జనం అనుకుంటున్నారంటే, ‘మీ నంబరుతో లాగిన్ అవ్వండి’ అని నేర్పింది మనమే. సిమ్ మారితే అకౌంటే పోయిందనుకుని కొత్తది తెరుస్తారు, పాతది అలాగే తెరిచి ఉంటుంది.

కంప్యూటర్లు పుట్టిన కొత్తలో అకౌంటుకూ మనిషికీ మధ్య తేడా అప్పటివాళ్లకు మనకన్నా బాగా తెలుసు. 1960లలో ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థలో లాగిన్ కొట్టేటప్పుడు ఏ పని మీద వచ్చారో ఆ నంబరు, వచ్చిన మనిషి పేరు విడివిడిగా ఇవ్వాల్సి వచ్చేది. అకౌంటంటే నిజంగానే పద్దు, ఎవరు ఎంతసేపు యంత్రం వాడారో రాసుకునే లెక్క. అరవై ఏళ్లు గడిచాక మనం ఆ రెండింటినీ కలిపేసి సులువు చేశామనుకుంటున్నాం.

యాప్ తీసేస్తే అకౌంటు పోతుందనుకోవడం ఇంకో సర్వసాధారణమైన పొరపాటు. అన్‌ఇన్‌స్టాల్, లాగౌట్, డీయాక్టివేట్, డిలీట్, ఈ నాలుగూ నాలుగు పనులు. ఫేస్‌బుక్‌లో డీయాక్టివేట్ చేస్తే అకౌంటు నిద్రపోతుంది, డిలీట్ చేస్తే 30 రోజుల గడువు తర్వాత పోతుంది. మన యాప్‌లలో ‘రిమూవ్ అకౌంట్’ అని ఉంటుంది చూడండి, అది ఈ ఫోన్‌లోంచి తీసేయడమో, అసలు మూసేయడమో దేవుడికి తెలియాలి. అది నొక్కడానికి భయపడి ఆగిపోయినవాళ్లే వివేకవంతులు. ‘ఈ ఫోన్‌లోంచి బయటికి రండి, మీ డబ్బు, వివరాలు అలాగే ఉంటాయి’ అని ఒకదానికి, ‘అకౌంటు మూసేయండి, వివరాలు తిరిగిరావు’ అని ఇంకోదానికి రాస్తే ఏ సందేహమూ ఉండదు. బటన్ పొడవైపోతుందంటారు. పొడవైపోనివ్వండి.

ఇది ఇప్పుడే ఎందుకు అంటే, చట్టం వచ్చి నెత్తిన కూర్చుంది కాబట్టి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం మన సమ్మతి అడిగేటప్పుడు ఆ మాటలు ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఒకటి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు ముఖ్యమైన బాధ్యతలన్నీ అందుకోవడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. చమత్కారమేమిటంటే, యూజర్ అకౌంట్ అంటే ఏమిటో ఆ నిబంధనలే చెబుతూ ప్రొఫైళ్లు, పేజీలు, హ్యాండిళ్లు, ఈమెయిల్ చిరునామా, మొబైల్ నంబరు అన్నిటినీ ఒకే గంపలో వేశాయి. చట్టానికి అది సబబే, ఏ కంపెనీ కూడా సందు చూసుకుని తప్పించుకోకుండా వల పెద్దదిగా వేయాలి. కానీ ఆ గంపనే తెచ్చి స్క్రీన్ మీద దిమ్మరిస్తే, ‘మీ అకౌంటు తొలగించబడును’ అన్న చోట నా ఫోన్ నంబరు పోతుందా అని అడిగేవాళ్లకు జవాబుండదు.

ఈ గడువులోపల తెలుగులోకి మారబోయే స్క్రీన్లు వేలల్లో ఉంటాయి. వాటి పని జరిగే తీరు నాకు తెలుసు. ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. ఒక వరసలో ‘అకౌంట్’, ఇంకో వరసలో ‘అకౌంట్స్’, ఎక్కడో కింద ‘రిమూవ్’. ఆ అకౌంట్ బ్యాంకుదో, యాప్‌దో, పద్దుల విభాగమో అనువాదకురాలికి తెలియదు, ఆ రిమూవ్ దేన్నో తెలియదు. అడిగితే, అవన్నీ చూడకండి మేడమ్, సాయంత్రానికి షీటు పంపేయండి అంటారు. మాటకు నాలుగణాలు కడతారు. తీరా అందులో తేడా వస్తే, తెలుగులో పెడితే జనానికి అర్థం కాదండీ, మేం ముందే చెప్పాం కదా అంటారు. ఆ షీటుతో పాటు స్క్రీన్ ఫొటో ఒకటి జత చేసి పంపడానికి ఏ మేనేజరు సంతకం కావాలో చెబితే, ఆ కాగితం పట్టుకుని తిరగడానికి నేను సిద్ధంగా ఉన్నాను.